మొద్దుకి మజూరీ ఎంత?

సొంతంగా ఏదో ఒక చిన్న పని మొదలుపెట్టిన వాళ్లందరికీ ఒక ప్రశ్న దగ్గర గొంతు తడబడుతుంది. "ఎంత తీసుకుంటావు?" రెండే మాటలు. ఏసీ సర్వీసింగ్ చేసే కుర్రాడైనా, ఇంట్లో కేకులు చేసి అమ్మే అమ్మాయైనా, పెళ్లిళ్లకి వీడియోలు తీసేవాళ్లైనా అక్కడ ఒక్క క్షణం ఆగుతారు. ఎక్కువ చెప్తే ఫోన్ పెట్టేస్తారేమో, తక్కువ చెప్తే మునిగిపోతామేమో అని భయం. చివరికి పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో గుర్తు తెచ్చుకుని, అందులోంచి ఓ ఐదొందలు తగ్గించి చెప్పేస్తారు.

ఈ వారం ఆ అంకె గురించే మాట్లాడుకుందాం. ఉదాహరణకి మీలో చాలామంది వినని వ్యాపారం ఒకటి తీసుకున్నా: కొట్టేసిన చెట్టు తాలూకు మొద్దుని పొట్టు చేసి నేలమట్టం చేసే పని. మా వీధి కుర్రాడు ఒకడు ఇది చేస్తున్నాడు. అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కలే అతని తిరుగుడంతా. పేరు రాయొద్దన్నాడు, లెక్కలు మాత్రం రాసుకోమన్నాడు. కింద కనిపించే రేట్లు, ఖర్చులు అతని నోట్‌బుక్‌లోవి. తేలిగ్గా అర్థం కావాలని కొన్నిటిని రౌండ్ చేశా. మీ పనిలో అంకెలు వేరే ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

మొద్దుతో వ్యాపారమేంటి?

అమీర్‌పేట అనగానే మనకి గుర్తొచ్చేవి మైత్రీవనం, కోచింగ్ బోర్డులు, హాస్టళ్లు, రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్. కానీ మెయిన్ రోడ్డు వదిలి ధరమ్ కరమ్ రోడ్డు వైపో, ఎస్సార్ నగర్ వైపో, పంజాగుట్టలో ద్వారకాపురి కాలనీ వైపో లోపలికి నడవండి. అపార్ట్‌మెంట్ల మధ్యలో పాత ఇళ్లు ఇంకా కొన్ని కనిపిస్తాయి. గేటు పక్కన వేప, వెనక మామిడి, ప్రహరీని ఆనుకుని కొబ్బరి. గాలివానకి చెట్టు రోడ్డుకి అడ్డంగా పడితే డీఆర్ఎఫ్ బృందాలు వచ్చి, కోసి, దారి క్లియర్ చేస్తాయి. కాంపౌండ్ లోపల మిగిలిన మొద్దు మాత్రం ఇంటివాళ్ల తలనొప్పే. అలాగే వదిలేస్తే చెదలు పడతాయి. కొన్ని రకాలు మళ్లీ చిగురిస్తాయి. బండి పెట్టుకునే చోటు పోతుంది.

దాన్ని తీయడానికి మన దగ్గర పాత దారులు రెండు. ఒకటి, ఇద్దరు మనుషులు గడ్డపార, గొడ్డలి పట్టుకుని చుట్టూ తవ్వి, వేళ్లు నరికి, పైకి లాగడం. రెండోది జేసీబీ. ఖాళీ ప్లాటులో జేసీబీకి మించింది లేదు. కానీ ఇంటికీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందులో అది దూరదు. గోడ పక్కన మొద్దుని పెకిలిస్తే గోడ కూడా కదలొచ్చు.

అలాంటి చోట పనికొచ్చేది స్టంప్ గ్రైండర్. ముందు ఒక ఇనుప చక్రం, దాని అంచున గట్టి కార్బైడ్ పళ్లు ఉంటాయి. చక్రాన్ని కుడికీ ఎడమకీ ఆడిస్తుంటే మొద్దుని కొంచెం కొంచెంగా కొరికి పొట్టు చేస్తుంది. నేల కింద అర అడుగు, అడుగు దాకా పోతుంది. లోపలి వేళ్లు భూమిలోనే మెల్లగా మగ్గిపోతాయి. గుంటలో మట్టి నింపి పైన కుండీలు పెట్టుకోవచ్చు.

ఫోన్ మోగుతూనే ఉంది, జేబు మాత్రం ఖాళీ

కుర్రాడు ముద్ర పథకం కింద 3 లక్షల లోన్ తీసుకున్నాడు. ముద్రలో 50 వేల లోపు శిశు, 50 వేల నుంచి 5 లక్షల దాకా కిశోర్, ఆ పైన 10 లక్షల దాకా తరుణ్. ఇతనిది కిశోర్. 12 శాతం వడ్డీ, 36 నెలలు. ఈఎంఐ 9,964 రూపాయలు, మనం 10 వేలు అనుకుందాం.

రేటు ఎలా పెట్టాడు? చుట్టుపక్కల కూలీలు ఒక మొద్దుకి 3,000 చెప్తున్నారు. "నేను 2,500 చెప్తే పని నాకే వస్తుంది కదా" అనుకున్నాడు. నిజంగానే వచ్చింది. మొదటి నెల 20 మొద్దులు. యూపీఐలో టింగు టింగుమంటూ 50 వేలు పడ్డాయి. రెండో నెలా అంతే. ఇంట్లో అందరూ సంబరపడ్డారు.

మూడో నెలలో నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నెలకి 50 వేలు వస్తున్నాయి. ఎక్కడ పోతున్నాయో తెలీట్లేదు" అన్నాడు. ఇద్దరం కూర్చుని నోట్‌బుక్ తెరిచాం.

ఒక్కో పనికి మెషిన్ తీసుకెళ్లి తీసుకురావడానికి ట్రాలీ ఆటో 700. హెల్పర్‌కి రోజుకి 900, నెలలో 14 రోజులు పని, 20 మొద్దుల మీద పంచితే ఒక్కోదానికి 630. పెట్రోల్ నాలుగు లీటర్లు, 430. మొత్తం 1,760. ఇలాంటివి 20 అంటే 35,200. దీనికి ఈఎంఐ 10 వేలు, మెషిన్ పెట్టుకునే షెడ్డు అద్దె 2,500, ఫోన్, ఇన్సూరెన్స్, పాంప్లెట్లు కలిపి 1,500. అన్నీ కూడితే 49,200.

మిగిలింది 800. దుమ్ములో, చప్పుడులో 20 మొద్దులు తీసినందుకు అతని నెల సంపాదన అదీ.

అసలు దెబ్బ అక్కడ కాదు. మూడో నెల చివరికి పళ్లు అరిగిపోయాయి. హైదరాబాద్ నేల సంగతి తెలిసిందే, నాలుగంగుళాలు తవ్వితే గ్రానైట్ ముక్క తగులుతుంది. చెట్టు మొదట్లో ఎవరో ఎప్పుడో పోసిన కాంక్రీటు, కొట్టిన మేకులు వేరే. కొత్త సెట్టు 14,400. చేతిలో లేదు. అమ్మ గొలుసు కుదువ పెట్టి పళ్లు కొన్నాడు. ఆ నెల ఈఎంఐ ఆలస్యమైంది, బ్యాంకు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇంకో రెండు నెలలు ఇలాగే నడిస్తే మెషిన్ అమ్ముకోవాల్సిందే.

పని లేక మునిగిపోయే వ్యాపారాలు మనకి తెలుసు. ఇతను చేతి నిండా పనితో మునుగుతున్నాడు. కారణం, ధర చెప్పేటప్పుడు రెండు ఖర్చులు లెక్కలోకే రాలేదు.

తరుగు, మజూరీ

ఆ రెండింటికీ మన భాషలో చక్కటి పేర్లున్నాయి. పంజాగుట్టలో నగల షాపులకి కొదవ లేదు. ఏదో ఒక షాపులో బిల్లు చూడండి. బంగారం ధర ఒక లైను, తరుగు ఒక లైను, మజూరీ ఒక లైను. గాజు చేసేటప్పుడు అరిగిపోయిన బంగారానికి తరుగు. చేసిన చేతికి మజూరీ. ఈ రెండూ తీసుకోకుండా బంగారం ధరకే గాజు అమ్మే షాపు ఎన్నాళ్లు నిలబడుతుంది?

మన కుర్రాడు చేస్తున్నది సరిగ్గా అదే. పళ్లు ప్రతి మొద్దు దగ్గరా కొంచెం కొంచెం అరుగుతున్నాయి. ఒక సెట్టు 60 మొద్దులకి వస్తోంది. 14,400ని 60తో భాగిస్తే ఒక్కో మొద్దుకి 240 రూపాయల తరుగు. ఆ రోజు జేబులోంచి పోదు కాబట్టి కనిపించదు. 60 మొద్దులయ్యాక ఒకేసారి వచ్చి మీద పడుతుంది. అలాగే బెల్టు, బేరింగులు, ఇంజన్ ఆయిల్. వీటికి నెలకి 3,000 పక్కన పెట్టాలి.

ఇక మజూరీ. అంటే అతని జీతం. "సొంత వ్యాపారం కదన్నా, మిగిలిందే నాది" అన్నాడు. ఇదే చాలామంది అనే మాట. అతని చోట ఇంకొకరిని పెట్టుకుంటే జీతం ఇవ్వకుండా పని చేయిస్తాడా? ఈ మెషిన్ జాగ్రత్తగా నడపగలిగే మనిషికి నెలకి 25 వేలు ఇవ్వాల్సి వస్తుందని అతనే చెప్పాడు. అయితే ఆ 25 వేలు ఖర్చుల్లో రాయాల్సిందే. మిగిలితే తీసుకునేది కాదు, ముందే రాసుకునేది.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం.

పని ఉన్నా లేకపోయినా నెలకి పోయేవి: ఈఎంఐ 10,000, షెడ్డు 2,500, ఫోన్, ఇన్సూరెన్స్ వగైరా 1,500, రిపేర్ల నిధి 3,000, సొంత జీతం 25,000. మొత్తం 42,000.

ఒక్కో మొద్దుకి పోయేవి: ట్రాలీ 700, హెల్పర్ 630, పెట్రోల్ 430, పళ్ల తరుగు 240. మొత్తం 2,000.

నెలకి 20 మొద్దులైతే 42,000ని 20తో భాగించాలి, 2,100 వస్తుంది. దానికి 2,000 కలిపితే ఒక మొద్దు అసలు ఖరీదు 4,100 రూపాయలు. అతను తీసుకుంటున్నది 2,500.

2,500 రేటుతోనే నెగ్గుకురావాలంటే ఎన్ని మొద్దులు తీయాలో చూడండి. ప్రతి మొద్దుకీ ఖర్చులు పోగా మిగిలేది 500. 42,000 రావాలంటే నెలకి 84 మొద్దులు. ఆదివారాలు పోతే 26 రోజులు, రోజుకి రెండు చొప్పున ఒక్క రోజు కూడా ఆగకుండా చేసినా 52 దాటవు. అంటే ఎంత కష్టపడినా తేలని లెక్క ఇది. ఈ ఒక్క భాగాహారం మొదటి రోజే వేసుకుంటే గొలుసు మెడలోనే ఉండేది.

నెలకి 14 రోజులే ఎందుకు?

చాలామంది ధర వేసేటప్పుడు నెలకి 26 రోజులు పని ఉంటుందని ఊహించుకుంటారు. అతని నోట్‌బుక్‌లో పని జరిగిన రోజులు 14. మిగతావి ఏమయ్యాయి? మొద్దు చూసి రేటు చెప్పడానికి వెళ్లిన రోజులు. మెషిన్ రిపేరు. ఇంటి ఓనరు "ఇవాళ కాదు బాబూ, రేపు రా" అన్న రోజులు. అసలు ఫోనే రాని రోజులు. వానాకాలంలో తడి నేలలో మెషిన్ దిగబడుతుంది, పని నడవదు. పంజాగుట్ట సర్కిల్లో సాయంత్రం ఆరింటికి ట్రాలీ ఇరుక్కుంటే రెండో పని మర్నాటికే.

ఆ ఖాళీ రోజుల్లో కూడా ఈఎంఐ నడుస్తుంది, ఇంట్లో అన్నం వండుతారు. కాబట్టి పనిచేసిన 14 రోజులే ఆ 12 ఖాళీ రోజుల్నీ మోయాలి. మీరు ట్యూషన్ చెప్పినా, డిజైనింగ్ చేసినా ఇదే. గంట పనికి ధర వేసే ముందు, ఆ గంట కోసం బయట ఎన్ని గంటలు పోతున్నాయో ఒక నెల రాసి చూడండి.

చిన్న మొద్దు చవక కాదు

తర్వాత ప్రశ్న, అన్ని మొద్దులకీ ఒకే రేటా? కాదు. కానీ ఇక్కడే రెండు చిక్కులున్నాయి.

మొదటిది పెద్ద మొద్దుల చిక్కు. అంగుళానికి ఇంత అని రేటు పెట్టడం సులువు. అంగుళానికి 200 అనుకోండి. 12 అంగుళాల వెడల్పున్న మొద్దుకి 2,400, 24 అంగుళాల దానికి 4,800. వినడానికి న్యాయంగా ఉంది. కానీ స్కూల్లో చదువుకున్న వృత్త వైశాల్యం గుర్తుందా? 12 అంగుళాల వృత్తం వైశాల్యం 113 చదరపు అంగుళాలు. 24 అంగుళాలది 452. వెడల్పు రెట్టింపైతే కొరకాల్సిన చెక్క నాలుగు రెట్లు. డబ్బు మాత్రం రెట్టింపే. పెద్ద మొద్దు వచ్చిన ప్రతిసారీ నష్టమే.

కొలత కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. కోసిన చోట కాకుండా నేలని తాకే చోట కొలవాలి. వేళ్లు విచ్చుకునే దగ్గర మొద్దు బాగా వెడల్పు అవుతుంది. టేపు అడ్డంగా పెట్టడం కుదరకపోతే తాడు చుట్టి కొలిచి 3.14తో భాగించండి. చుట్టుకొలత 63 అంగుళాలైతే వెడల్పు 20.

రెండోది చిన్న మొద్దుల చిక్కు. "ఇంత చిన్నదానికి నాలుగు వేలా?" అంటారు ఆంటీలు. వాళ్ల కోణంలో అది నిజమే. కానీ మొద్దు చిన్నదైతే తగ్గేది పెట్రోలు, పళ్ల తరుగు మాత్రమే. ట్రాలీ ఆటోవాడు మొద్దు సైజు అడగడు. హెల్పర్ కూలి తగ్గదు. అవి రెండూ సగానికి తగ్గించి చూసినా ఖర్చు 3,765 తేలింది. అందుకే ఆటో మీటర్‌కి మినిమమ్ ఛార్జీ ఉన్నట్టు దీనికీ ఒక మినిమమ్ ఉండాలి.

పెద్దదాని సంగతి చూద్దాం. 24 అంగుళాల మొద్దు రోజంతా తినేస్తుంది, రెండో పనికి వెళ్లలేరు. నెల ఖర్చు 42,000ని 14 రోజులతో భాగిస్తే రోజుకి 3,000. హెల్పర్ 900, ట్రాలీ 700, పెట్రోల్ 860, పళ్లు 480. మొత్తం 5,940.

వీటి మీద మామూలు, పెద్ద మొద్దులకి 15 శాతం దాకా లాభం కలిపాం. చిన్నదానికి మాత్రం బాగా తక్కువే వేశాం. జీతం ఉండగా మళ్లీ లాభం ఎందుకంటారా? చక్రం కింద నుంచి రాయి ఎగిరి పక్కనున్న కారు అద్దం పగిలితే ఎవరు కడతారు? రెండు వారాలు ఫోన్ రాకపోతే? లోన్ తీరాక కొత్త మెషిన్ ఎలా కొంటారు? జీతం ఇంటికి, లాభం వ్యాపారానికి.

చివరికి రేట్ల కార్డు ఇలా తయారైంది:

12 అంగుళాల వరకు: 4,000
12 నుంచి 18 అంగుళాలు: 4,700
18 నుంచి 24 అంగుళాలు: 6,800
24 దాటితే: చూశాకే చెప్పేది
అదే కాంపౌండ్‌లో రెండో చిన్న మొద్దు: 1,200

ఆ చివరి లైను చూశారా? మెషిన్ ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి రెండో మొద్దు నిజంగానే చవక. తగ్గింపు ఇవ్వాల్సింది ఇలాంటి చోట.

కోచింగ్ ఫీజుల లెక్క వేరు

కుర్రాడికి ఇంకో అనుమానం వచ్చింది. "మన అమీర్‌పేటలో చూడన్నా, బోర్డు మీద ఒక ఫీజు ఉంటుంది, అడిగితే సగానికి దిగుతారు. డెమో క్లాసు ఫ్రీ అంటారు. వాళ్లు నడుపుతున్నారు కదా?"

మంచి ప్రశ్న. ఒక క్లాసు రూములో 30 మంది కూర్చుని ఉంటే, 31వ కుర్రాడి కోసం సారు మళ్లీ పాఠం చెప్పక్కర్లేదు. ఖాళీ కుర్చీకి ఎంతొచ్చినా లాభమే. ఆన్‌లైన్ బ్యాచ్ అయితే కుర్చీ కూడా అక్కర్లేదు. మొద్దు అలా కాదు. 31వ మొద్దు కూడా మొదటి మొద్దు తాగినంత పెట్రోలూ తాగుతుంది, అంతే పళ్లూ అరగదీస్తుంది. ఒకసారి తయారుచేసి వందసార్లు అమ్మేవాళ్ల ధరలు చూసి, వందసార్లు చేసి వందసార్లు అమ్మేవాళ్లు ధర పెట్టుకోకూడదు. మీరు ఏ రకమో ముందు తేల్చుకోండి.

బేరం ఆడితే?

ఆడతారు. మనం ఆడమా? బేరం తప్పు కాదు. కానీ ధర తగ్గాలంటే దాంతో పాటు పని కూడా ఏదో ఒకటి తగ్గాలి. ఊరికే తగ్గిస్తే, ముందు చెప్పింది అబద్ధం అన్నట్టు అవుతుంది.

మొద్దు పనిలో తగ్గించగలిగేవి మూడున్నాయి. ఒకటి పొట్టు. మొద్దు పొట్టయ్యాక కుప్ప మొద్దు కంటే పెద్దగా కనిపిస్తుంది. దాన్ని ఎత్తి తీసుకెళ్లాలంటే 800 అదనం, అక్కడే ఉంచుకుంటే అక్కర్లేదు. మొక్కల చుట్టూ పైపైన పరిస్తే తేమ నిలుస్తుంది. మట్టిలో కలిపేయొద్దని మాత్రం చెప్పాలి, కుళ్లేటప్పుడు నత్రజని లాగేసుకుని మొక్కలు పసుపెక్కుతాయి. రెండు, లోతు. కుండీలు పెట్టుకునే చోటైతే అర అడుగు చాలు, కొత్త చెట్టు నాటాలంటే అడుగు కావాలి. మూడు, తేదీ. "మీ వీధిలో ఇంకో పని తగిలిన రోజు వస్తాను, 400 తగ్గిస్తా" అనొచ్చు. ట్రాలీ ఖర్చు పంచుకుంటారు కాబట్టి ఇద్దరికీ లాభమే.

చేయకూడనిది, ఇల్లు చూసి ధర మార్చడం. సోమాజిగూడలో పెద్ద బంగ్లా అయితే ఎనిమిది వేలు, వెనక బస్తీలో అయితే మూడు వేలు అని అతనికీ మనసు పుట్టింది. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల కాలం ఇది. ఒకే సైజు మొద్దుకి రెండు రేట్లు చెప్పిన స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలు. గాలివాన మర్నాడు అర్జెంటుగా రమ్మంటే ఛార్జీ ఎక్కువ తీసుకోవచ్చు. కానీ అది ఎంతో కార్డు మీద ముందే ఉండాలి, అవతలి వాళ్ల కంగారు చూసి పెంచకూడదు.

హెల్పర్ కూలిలో కోత పెట్టి ధర తగ్గించడం ఇంకా పెద్ద పొరపాటు. రాళ్లు ఎగిరే మెషిన్ దగ్గర అనుభవం ఉన్న మనిషి పక్కన ఉండడమే పెద్ద ఇన్సూరెన్స్.

కొటేషన్‌లో ఏముండాలి?

ధర ఒక్కటే చెప్తే గొడవలొస్తాయి. వాట్సాప్‌లో నాలుగు లైన్లు పంపడం అతనికి ఇప్పుడు అలవాటైంది. మొద్దు వెడల్పు ఎంత, ఎంత లోతు, పొట్టు ఎవరిది, డబ్బు ఎప్పుడు. దీనికి తోడు ఇంకో రెండు.

మొదటిది నేల కింద ఉన్నవి. మన ఇళ్లలో గేటు దగ్గరే సంపు ఉంటుంది, ప్రహరీ పక్కనే డ్రైనేజీ పైపు, బోరు వైరు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఓనరుతోనే ముగ్గుపిండితో గీత గీయించుకుంటాడు, ఫొటో తీసుకుంటాడు. గీత ఉన్న చోట పైపు పగిలితే బాధ్యత తనది, చెప్పని చోట పగిలితే ఓనరుది. ఆ ముగ్గు గీత రెండు నిమిషాల పని, కొన్ని వేల రూపాయల రక్షణ.

రెండోది అనుమతి. తెలంగాణలో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. తాజాగా కొట్టిన చెట్టు మొద్దుని రాత్రికి రాత్రే మాయం చేయమని ఎవరైనా డబుల్ రేటు ఇస్తామంటే, ఎందుకో ఆలోచించండి. అనుమతి కాగితం చూపించమని అడగడం కూడా పనిలో భాగమే. చూపించకపోతే ఆ డబుల్ రేటు వదులుకోవడమే మేలు.

పన్ను సంగతి కూడా ఒక మాట. నెలకి 20 మొద్దులు, సగటున 4,700 చొప్పున ఏడాదికి 11.28 లక్షలు. సేవలు అందించేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు కాబట్టి ప్రస్తుతానికి అతనికి ఆ లెక్క రాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోమన్నాను. ఆన్‌లైన్లో ఉచితం.

రేటు పెంచాక ఏమైంది?

ఫోన్లు తగ్గాయి. ఇది ముందే అనుకున్నదే. కొత్త కార్డు పెట్టిన మొదటి నెల 20 కాస్తా 14 అయ్యాయి. "2,500 అన్నావుగా పోయిన నెల!" అని ఒకరిద్దరు కోప్పడ్డారు. అతనికి రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. మళ్లీ 3,000కి దిగిపోదామా అని రెండుసార్లు అడిగాడు.

నెలాఖరుకి నోట్‌బుక్ తీశాం. 14 మొద్దులు, సగటున 4,700. ఒక్కోదానికి 2,000 ఖర్చు పోగా మిగిలింది 2,700. మొత్తం 37,800. ఈఎంఐ, షెడ్డు, ఇన్సూరెన్స్, రిపేర్ల నిధి కలిపి 17,000 తీసేస్తే 20,800. పళ్లకి పెట్టాల్సింది వేరే ఖాతాలో పెట్టాక మిగిలింది ఇది. ఆరు మొద్దులు తక్కువ తీశాడు, చేతికి 800 బదులు 20,800 వచ్చింది.

అంతా బాగుందని అనను. తన జీతానికి ఇంకా 4,200 తక్కువే. పూర్తిగా గట్టెక్కాలంటే నెలకి 16 మొద్దులు కావాలి. గొలుసు ఇంకా కుదువలోనే ఉంది. ఆ మిగతా రెండు మొద్దుల కోసం ఇప్పుడు అతను రేటు తగ్గించట్లేదు. చెట్లు కొట్టే మేస్త్రీలతో మాట్లాడుకుంటున్నాడు, జేసీబీ పట్టని సందుల పనులు తనకి చెప్పమని. నర్సరీలకి కార్డులు ఇచ్చి వస్తున్నాడు. ఒకే వీధి పనులు ఒకే రోజుకి సర్దుతున్నాడు. నెలకి 28 మొద్దులు దాకా వెళ్తే ఒక్కోదాని మీద పడే నెల ఖర్చు 2,100 నుంచి 1,500కి దిగుతుంది. అప్పుడు కావాలంటే ధర తగ్గించొచ్చు. ముందు ఖర్చు దిగాలి, దాని వెనక ధర దిగాలి. అతను మొదట్లో ఇది తిరగేసి చేశాడు.

మీరు మొద్దులు తీయకపోవచ్చు. మెహందీ పెట్టొచ్చు, ల్యాప్‌టాప్‌లు బాగుచేయొచ్చు, టిఫిన్ సెంటర్ పెట్టొచ్చు. ఈ ఆదివారం ఫోన్‌లో నోట్స్ తెరిచి మూడు అంకెలు రాయండి. పని ఉన్నా లేకపోయినా నెలకి పోయేది ఎంత, మీ జీతంతో కలిపి? ఒక్కో పనికి పోయేది ఎంత, తరుగుతో కలిపి? నెలకి నిజంగా ఎన్ని పనులు అవుతున్నాయి? మొదటి అంకెని మూడో దాంతో భాగించి రెండోది కలపండి. వచ్చినదాని కంటే మీ రేటు తక్కువుంటే, రేపు వచ్చే ఫోన్‌కి కొత్త రేటు చెప్పండి.